దొరకనివాళ్ళ ఓట్లు

తూర్పు లంగరు నమోదు పుస్తకం. ఐదో తెప్ప. కాపలా: గనగళ్ళ కోదండమ్మ.

ఓటుకు ఇరవై ఆరు రోజులు

గాలి తూర్పు. అల మోకాలెత్తు. మోకు బిగువు 58.

ఈ పుస్తకంలో పరిశీలనలు అని ఒక గడి ఉంది. ఇన్నాళ్ళూ అందులో "ఏమీ లేదు" అని రాస్తూ వచ్చాను. ఈ రోజు నుంచి ఉన్నది రాస్తాను. నేను చదివింది రెండో తరగతి. మిగతా అక్షరాలు మా పెద్దమ్మాయి లోలాక్షి నేర్పింది, ఈ పుస్తకం మీదే. తప్పులుంటే నావి, ఒప్పులన్నీ దానివి.

లోలాక్షి మోకు పని చేసేది. మా దేశం తొమ్మిది తెప్పలు. ఒక్కో తెప్ప మీద ఏడెనిమిదివేల మంది. తెప్పలన్నీ సముద్రం అడుక్కి మోకులతో కట్టి ఉంటాయి. మోకు ఎంత లావంటే, నేను చేతులు చాపి వాటేసుకున్నా అందదు. నీళ్ళలో దానికి గుల్లలు పట్టి బరువెక్కుతుంది. బిగువు 80 దాటితే తెగుతుంది. తెగితే తెప్ప కొట్టుకుపోతుంది. అందుకని పద్దెనిమిది నిండిన పిల్లలు వంతుల ప్రకారం కిందికి దిగి గుల్లలు గీకుతారు. తుఫాను నెలల్లో గుల్ల ఎక్కువ, దిగక తప్పదు. తిరిగి రానివాళ్ళంతా ఆ నెలల్లోనే రాలేదు. పోయిన కార్తీకంలో లోలాక్షి దిగింది. గాలిగొట్టం పైకి వచ్చింది. తను రాలేదు.

పిల్లలకు బదులు ఇనుప పీతల్ని దించవచ్చు. ఒకటో తెప్పవాళ్ళు చేసి చూపించారు, బాగా గీకుతాయి. కానీ అవి కరెంటు తింటాయి. ప్రతి ఇంటికీ సాయంత్రం ఒక గంట కరెంటు ఉండదు. దేశమంతా ఒప్పుకుంటేనే కుదురుతుంది కాబట్టి దాని మీద పెద్ద ఓటు పెట్టారు. ఇప్పటికి మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ వచ్చినవాళ్ళలో ఎక్కువమంది సరే అన్నారు. అయినా ఓడిపోయింది. జాబితాలో ఉన్నవాళ్ళలో సగం మంది రాకపోతే ఆ ఓటు చెల్లదు. వద్దనేవాళ్ళు పడవెక్కి వచ్చి వద్దని చెప్పక్కర్లేదు, ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలు.

ఇది నాలుగోసారి. ఈసారి కూడా సగం రాకపోతే పన్నెండేళ్ళ వరకు ఆ ప్రశ్న మళ్ళీ అడగకూడదని చట్టం.

మా రెండోది అసిరికి ఓటు అయిన వారానికి పద్దెనిమిది నిండుతాయి. వంతు జాబితాలో దాని పేరు అప్పుడే ఎక్కింది. కార్తీకం, తూర్పు మోకు.

ఓటుకు ఇరవై నాలుగు రోజులు

గాలి తూర్పు. బిగువు 59.

అసిరికి దిగుడు తొడుగు ఇచ్చారు. ఇంట్లోనే తొడుక్కుని నా ముందు నిలబడింది.

"ఎలాగున్నానే అమ్మా?"

"సేపలాగున్నావు."

"అప్ప నలభై బారలు దిగినాది. నాను యాభై దిగుతాను, సూడు."

"దిగక్కర్నేదు. ఈపాలి ఓటు గెలుస్తాది."

"గెలవదమ్మా. ఎవుళూ రారు. అప్ప తొమ్మిది తెప్పలూ తిరిగి ఇంటింటికీ సెప్పినా వచ్చినారా? నువ్వొచ్చినావా?"

అని, అన్నందుకు తనే కంగారుపడి తొడుగు విప్పుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

అది అన్న మాట నిజం. మూడో ఓటు రోజున మబ్బు పట్టింది. పైకప్పు మీద కవ్వళ్ళ చేపలు ఎండేశాను. నా కూతురు దేశమంతా తిరిగి పిలుస్తోంది కదా, నేనొక్కదాన్ని వెళ్ళకపోతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఆ రోజు సగానికి మూడువందల తొంభై ఒక్కరు తక్కువ వచ్చారు. అందులో ఒకదాన్ని నేను. సాయంత్రం గొంతు పోయి ఇంటికొచ్చిన లోలాక్షి నన్ను ఒక్క మాట అనలేదు. చేపలు తడవలేదు కదా అని అడిగింది.

ఓటుకు ఇరవై ఒక్క రోజులు

గాలి ఈశాన్యానికి తిరిగింది. బిగువు 61.

ఓటర్ల జాబితా చూసే పరదేశి బావు కచేరీకి వెళ్ళాను. పోయినసారి మన తెప్ప నుంచి ఎవరెవరు రాలేదో చెబితే ఇంటింటికీ వెళ్ళి అడుగుదామని నా ఆలోచన. లోలాక్షి చేసిన పని నేను చేస్తాను. పరదేశి బావు మంచివాడే కానీ, ప్రతిదానికీ ముందు నిట్టూరుస్తాడు. నిట్టూర్చి, తెర మీద మా వీధి తెరిచాడు.

నా పేరు ఉంది. దాని కింద "గనగళ్ళ లోలాక్షి, ఇరవై రెండు, ఓటరు" అని ఉంది.

నేను ఆ అక్షరాల మీద వేలు పెట్టాను. గొప్పగా అనిపించింది. నా కూతురు ఇంకా దేశంలో మనిషి.

మా దగ్గర అది పద్ధతి. ఒళ్ళు దొరికితే పేరు తీస్తారు. దొరక్కపోతే తీయరు. తల్లిగానీ తండ్రిగానీ వచ్చి "నీటికి అప్పగించాను" అని కాగితం మీద వేలిముద్ర వేస్తేనే తీయాలి. ఎవరూ వేయలేదు. వేస్తే మన చేత్తో మనమే ముంచినట్టు. ఓటు రోజున పేర్లు పిలిచే పెట్టె దొరకనివాళ్ళ పేరు కూడా మూడుసార్లు పిలుస్తుంది. హాల్లో ఉన్నవాళ్ళంతా తల వంచుతారు. తరవాతి పేరుకు వెళ్తుంది. అంతకంటే మర్యాద మాకు తెలియదు.

"ఇలాటోళ్ళు ఎంతమంది బావూ?" అని అడిగాను.

"దొరకనోళ్ళా? తొమ్మిది తెప్పల మీదా ఎనిమిదొందల పన్నెండు." మళ్ళీ నిట్టూర్చాడు. "ఆళ్ళూ లెక్కలోనే గదప్పా. అందుకే సగం అందదు."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

ఓటుకు ఇరవై రోజులు

గాలి ఈశాన్యం. బిగువు 61.

చేపల పొలుసు తీస్తుండగా ఎక్కింది.

కత్తి పక్కన పెట్టి అసిరిని పిలిచి పలక మీద వేయమన్నాను. జాబితా నలభై ఎనిమిదివేల రెండువందల పదహారు. అందులో సగం ఇరవై నాలుగువేల నూట ఎనిమిది. పోయినసారి వచ్చింది ఇరవై మూడువేల ఏడువందల పదిహేడు. ఓడిపోయాం. అప్పటికి లోలాక్షి ఉంది, దాన్ని వదిలేసి మిగతా దొరకనివాళ్ళు ఎనిమిదివందల పదకొండు మందినీ తీసేసి మళ్ళీ సగం చెయ్యమన్నాను.

అసిరి వేసింది. చెరిపి మళ్ళీ వేసింది. ఇరవై మూడువేల ఏడువందల మూడు.

పోయినసారి గెలిచి ఉండేవాళ్ళం. పద్నాలుగు మంది ఎక్కువే.

మోకు పని చేస్తూ పోయిన పిల్లలు, ఆ పని ఆపే ఓటుకు రానివాళ్ళ కింద లెక్కయ్యారు. మేమే అలా లెక్క వేయించాం, ప్రేమకొద్దీ. అప్పుడు గెలిచి ఉంటే లోలాక్షి కార్తీకంలో దిగేదే కాదు.

అసిరి పలక కింద పెట్టింది. నా మొహం చూసి కనిపెట్టేసింది.

"వద్దమ్మా."

"నానేటీ అన్నేదు."

"వేలిముద్ర ఏసేవంటే నీతో మాటాడను. అప్పని నువ్వు సంపేస్తావా?"

ఓటుకు పద్దెనిమిది రోజులు

బిగువు 62. వాన. పీపాలు నిండాయి.

అసిరి మాట్లాడడం లేదు. నేనింకా వేలిముద్ర వేయలేదు, అయినా ముందుగానే మానేసింది. అన్నం పెట్టమనడానికి కంచం చప్పుడు చేస్తోంది.

చోడిపల్లి ఎర్రమ్మప్ప దగ్గరికి వెళ్ళాను. మా వీధిలో పెద్ద మనిషి. ఆమె కొడుకు బంగారయ్య పద్నాలుగేళ్ళ క్రితం పడమటి మోకు దగ్గర దిగి రాలేదు. ఈ రోజుకీ కొడుక్కి కంచం పెడుతుంది. ఆమె ఒప్పుకుంటే వీధి ఒప్పుకుంటుంది. ఎంతో సర్దుకుని, లెక్కంతా చెప్పాను. ఆమె వలకు ముడులు వేస్తూ అంతా విన్నది.

"అయిపోనాదా?"

"అయిపోనాదప్పా."

"నీ సిన్నదాన్ని కాసుకోడానికి నా కొడుకుని సంపమంటావు. అంతేనా?"

ఆమె ఇంకో ముడి బిగించింది.

"ఓటుకెల్లి ఉన్నానని అరిసి రమ్మంటారు. ఆ పెట్టి నా కొడుకుని మూడుపాలులు పిలుస్తాది. ఆడు పలకడు. అందరూ తల దించుకుని ఓరగా నాకేసి సూస్తారు. ఆ సంబడం సూడనేకే నాను పద్నాలుగేళ్ళయి ఎల్లడం మానేసేను. నువ్వొచ్చి ఏకంగా పేరే తీసెయ్యమంటన్నావు. ఎల్లు కోదండా, సేపలు కుళ్ళిపోతాయి, ఎల్లు."

వచ్చేశాను. ఆమె అన్నది తప్పు కాదు. నా మనసులో ఉన్నది అసిరే. అందులో సిగ్గుపడేదీ లేదు.

ఓటుకు పదిహేను రోజులు

గాలి ఈశాన్యం, బలంగా. బిగువు 64.

వేశాను.

పరదేశి బావు కాగితం ముందు పెట్టాడు. పేరు, వయసు, తేదీ అన్నీ నింపేశాడు. చివర "కారణం" అని చిన్న గడి. అందులో "నీట మునక" అని రాయబోయాడు. అతని చెయ్యి పట్టుకున్నాను.

"మునగనేదు బావూ. దిగినాది. దిగినాదని రాయి."

"అలాగ రాయకూడదప్పా."

"నలభై మూడుపాలులు దిగినాది. నలభై రెండుపాలులు పైకొచ్చినాది. తూరుపు మోకు తెగకండా రెండేళ్ళు నిలబెట్టినాది. తొమ్మిది తెప్పలూ తిరిగి జనాన్ని ఓటుకి పిలిసినాది, సొంత తల్లి రాకపోయినా ఏటీ అన్నేదు. అదంతా రాయి. అప్పుడు ఏలిముద్ర ఏస్తాను."

"గడి సిన్నదప్పా..."

"గడి పెద్దది సెయ్యి."

నిట్టూర్చాడు. కాగితం తిప్పి వెనకవైపు రాశాడు. చదివి వినిపించమన్నాను. రెండుసార్లు వినిపించాడు. పెళ్ళిలో అప్పగింతల కోసం దాచిన పసుపు చీర కట్టుకుని వెళ్ళాను. నా పిల్లని నేను దొంగతనంగా పంపలేదు. నలుగురూ చూస్తుండగా, దాని పని అంతా చెప్పి అప్పగించాను.

ఇంటికి వచ్చేసరికి అసిరి పక్క ఎర్రమ్మప్ప ఇంటికి మార్చుకుంది.

ఓటుకు పన్నెండు రోజులు

బిగువు 65.

అప్పగింత కాగితం మూడు రోజులు బయట పలకకి అంటించాలని చట్టం, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పడానికి. నీళ్ళ పంపు దగ్గరే ఆ పలక. పొద్దున వరసలో నా వంతు కోసం నిలబడితే, ముందు ఎర్రమ్మప్ప, అసిరి ఉన్నారు. నన్ను చూడలేదు. చూసి చూడనట్టు ఉన్నారేమో తెలియదు.

ఎర్రమ్మప్పకి చదువు రాదు. "ఒలే గుంటా, మీ అమ్మ రాయించిన రాత ఏటో సదువు" అంది.

"నాను సదవను."

"సదువే. తిట్టడానికైనా ఏటున్నాదో తెల్వాల గదా."

అసిరి చదవడం మొదలుపెట్టింది. ముందు గొణిగింది. ఎర్రమ్మప్ప గట్టిగా చదవమంది. నలభై మూడుసార్లు దగ్గర పంపు వరస మాటలు ఆపేసింది. సొంత తల్లి రాకపోయినా ఏమీ అనలేదు దగ్గర అసిరి ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి ఎవరూ అడగలేదు. బడిలో బహుమతి వచ్చినప్పుడు పేరు చదువుతారే, అంత గట్టిగా చదివింది.

ఎర్రమ్మప్ప బిందె కింద పెట్టి నా వైపు తిరిగింది. చూస్తూనే ఉందన్నమాట.

"మావోడికి గూడా అంత పొడుగు రాస్తారేటి?"

"రాస్తారప్పా."

"ఆడు రెండొందల పదకొండుపాలులు దిగినాడు. నీ కూతురు నలభై మూడే గదా."

"అవునప్పా. మీవోడే ఎక్కువ."

"మరీ!" అని బిందె ఎత్తుకుంది. మధ్యాహ్నం కచేరీకి వెళ్ళింది. నాతో రమ్మనలేదు. అసిరిని తీసుకెళ్ళింది, పరదేశి బావు ఏమైనా వదిలేస్తాడేమో చూడమని.

ఓటుకు ఐదు రోజులు

గాలి ఉత్తరం. బిగువు 69.

రాయడానికి తీరిక లేదు. మూడో తెప్ప నుంచి, ఏడో తెప్ప నుంచి కూడా పడవలు వస్తున్నాయి. వాళ్ళ కచేరీల్లో గడి చిన్నదేనట. ఇక్కడైతే వెనకవైపు కూడా రాస్తారని చెప్పుకున్నారు. పరదేశి బావు చెయ్యి వాచింది. అసిరి కూర్చుని రాస్తోంది, పక్క మళ్ళీ ఇంటికి తెచ్చుకుంది.

తల్లులు ఎలా చెబుతారో వినాలి. ఒకామె తన కొడుకు నీళ్ళలో ఈలపాట పాడేవాడని రాయమంది. నీళ్ళలో ఈల ఎలా వేస్తాడమ్మా అంటే, "నీకేటి తెల్సు, ఏసీవోడు" అంది. రాశారు. ఇంకొకామె తన కూతురు దిగనంటే తనే బలవంతంగా పంపానని, అదీ రాయమంది. అసిరి కలం ఆపి నా వైపు చూసింది. రాయమన్నాను. ఒకాయన కాగితం చూసి, వేలు ఎత్తి, దించలేక వెళ్ళిపోయాడు. ఎవరూ ఆయన్ని ఏమీ అనలేదు. అనకూడదు.

రేపటితో జాబితా మూసేస్తారు. ఇప్పటికి ఐదువందల తొంభై పైన.

ఓటు రోజు

గాలి ఉత్తరం. బిగువు 70. తెల్లవారకముందే రాసి వెళ్ళాను. మిగతాది వచ్చాక రాస్తున్నాను.

జాబితాలోంచి ఆరువందల నాలుగు పేర్లు తీశారు. సగం అంటే ఇప్పుడు ఇరవై మూడువేల ఎనిమిదివందల ఆరు.

హాల్లో కూర్చోవడానికి చోటు లేదు. ఎర్రమ్మప్ప పద్నాలుగేళ్ళ తరవాత వచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోతే నేను చెయ్యి పట్టుకున్నాను. "ఒగ్గు, నానేటి కుంటిదాన్నా?" అంది కానీ చెయ్యి వదల్లేదు.

పెట్టె పేర్లు పిలిచింది. గనగళ్ళ కోదండమ్మ. ఉన్నాను అన్నాను. అద్దం మీద చెయ్యి పెట్టి సరే అన్న వైపు నొక్కాను. తరవాత లోలాక్షి పేరు రావాలి. రాలేదు. గనగళ్ళ వెంకన్న అని మా మరిది పేరు పిలిచింది. అంతే. ఎక్కడో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు అయింది. వయసు చాలక వెనక నిలబడిన అసిరి వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

చోడిపల్లివాళ్ళ వంతు వచ్చినప్పుడు ఎర్రమ్మప్ప "ఉన్నాను" అన్న కేకకి బయట పడవలవాళ్ళు కూడా తిరిగి చూశారు.

ఓటు మర్నాడు

బిగువు 71.

పరదేశి బావు కచేరీ మెట్ల మీద నిలబడి చదివాడు. వచ్చినవాళ్ళు ఇరవై నాలుగువేల మూడువందల తొంభై ఒక్కరు. సరే అన్నవాళ్ళు పంతొమ్మిదివేల ఎనిమిదివందల డెబ్భై. వద్దన్నవాళ్ళు నాలుగువేల ఐదువందల ఇరవై ఒక్కరు. ఓటు చెల్లింది. గెలిచింది.

జనం ఎగురుతున్నారు. అసిరి మాత్రం పలక తీసి ఏదో వేసుకుని, నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది.

"అమ్మా, పాత జాబితాకి సగం ఎంత? ఇరవై నాలుగువేల నూట ఎనిమిది. దానికంటే గూడా రెండొందల ఎనభై మూడు ఎక్కువొచ్చినారు." పలక నా వైపు తిప్పింది. "అప్ప పేరు తియ్యకపోయినా గెలిసేవాళ్ళమే. ఊరికే తీసేసేం."

పక్కనున్న ఎర్రమ్మప్ప విన్నది.

"ఏటే, ఊరికేనా? నాను ఎందుకొచ్చేననుకున్నావు? ఆడి పేరు అక్కడ పిలుస్తారంటే వచ్చీదాన్నేటి? మా కోడలొచ్చినాది. మా ఆయనొచ్చినాడు. ఈదంతా వచ్చినారు. ఆళ్ళ పేర్లు తీస్తేనే గదే మేం వచ్చినాం."

అసిరి పలక చూసుకుంది. పలకలో ఆ లెక్క లేదు.

నేను దాన్ని దగ్గరికి తీసుకున్నాను. "మీ అప్ప అందర్నీ పిలిసినాది. అప్పుడు రానేదు. ఇప్పుడొచ్చినారు" అన్నాను. నా కూతురు పిలిస్తే ఇరవై నాలుగువేల మంది వచ్చారు. కొంచెం ఆలస్యంగా వచ్చారు. నేనూ ఆలస్యంగానే వచ్చాను.

కార్తీకం, మొదటి వారం

గాలి ఉత్తరం, ఈదురు. అల మనిషెత్తు. బిగువు పొద్దున 77.

మధ్యాహ్నం ఇనుప పీతని తెచ్చారు. అసిరే గొలుసు పట్టి తూర్పు మోకు వెంట దించింది. దిగుతున్నంతసేపూ దాన్ని తిడుతూనే ఉంది, సరిగా గీకమని. సాయంత్రం దీపాలు పోయాయి. గంటసేపు వీధంతా గుమ్మాల్లోకి వచ్చి కూర్చుంది. కరెంటు లేదని సణిగినవాళ్ళని ఎర్రమ్మప్ప పేరు పేరునా తిట్టింది.

చీకటి పడే వేళకి బిగువు 68.

ఈ పుస్తకంలో తుఫాను నెలల పుటలకి ఒక గడి ఎక్కువ ఉంటుంది. "దిగినవారు" అని. పోయిన ఏడు ఇదే వారం పుట తీసి చూశాను. లోలాక్షి తన పేరు తనే రాసుకుంది, గుండ్రంగా, నాకు నేర్పిన అక్షరాలతోనే. ఈ వారం పుటలో అదే గడిలో నేను రాశాను.

దిగినవారు: ఎవరూ లేరు.